చిప్స్ ప్యాకెట్లను ఇంట్లోనే పోల్చి చూడటం ఎలా? నాలుకకో పరీక్ష, లేబుల్‌కో లెక్క

మా ఇంట్లో ఈ గొడవ పెరుగన్నం దగ్గర మొదలైంది. నంజుకోవడానికి చిప్స్ తెమ్మంటే మా అబ్బోడు ఎప్పుడూ ఒకే కంపెనీ ప్యాకెట్ తెస్తాడు. అది దొరక్కపోతే వట్టి చేతులతో తిరిగొస్తాడు గానీ ఇంకోటి ముట్టడు. మా ఆయనకేమో అందులో ఉప్పు ఎక్కువ. మా అత్తకు బీపీ ఉంది, అయినా గిన్నెలోంచి రెండు తీసుకుని "అన్నీ ఒకటే గదమ్మా, ఏదైతే ఏముంది" అంటుంది. ముగ్గురిలో ఎవరి మాట నిజమో తేలుద్దామని ఒక ఆదివారం కూర్చున్నాను. అది నాలుగు ఆదివారాల పని అయింది.

తిరుపతిలో ఏ వీధి చివరి అంగట్లోనైనా దొరికే ప్యాకెట్లు, వంటింటి తూకం, ఒకేలాంటి స్టీలు గిన్నెలు, ఒక నోటుబుక్కు ఉంటే చాలు, మీరూ చేయొచ్చు. నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండాలని అవి కూడా రాస్తున్నాను.

ఒక్క నియమం ముందే చెప్పాలి. రుచి చూశాకే లేబుల్ చదవాలి. మొదటి ఆదివారం నేను దీన్ని తిరగేశాను. సోడియం ఎక్కువున్న ప్యాకెట్ ఏదో తెలిసిపోయాక, అది నోట్లో పెట్టుకోగానే "అబ్బా, ఉప్పు" అన్నాను. మా ఆయన కూడా తలూపాడు. తర్వాతి వారం పేర్లు దాచిపెట్టి తింటే అదే రకానికి ఇద్దరం "ఉప్పు సరిపోయింది" అని రాసుకున్నాం.

మొదటి మెట్టు: ఏ జాతిని ఏ జాతితో పోలుస్తున్నారు?

అంగట్లో ఒకే దండకు వేలాడుతుంటాయి కాబట్టి అన్నిటినీ చిప్స్ అనేస్తాం గానీ, అవి కనీసం నాలుగు జాతులు.

ఉర్లగడ్డను పల్చగా తరిగి నూనెలో వేయించేవి మొదటి జాతి. లేస్, అంకుల్ చిప్స్, బింగోలో ఉర్లగడ్డ రకాలు ఇందులోకి వస్తాయి. అంకుల్ చిప్స్ 1992లో వచ్చింది, లేస్ మన దేశంలోకి 1995లో వచ్చింది. 2000లో పెప్సికో అంకుల్ చిప్స్‌ను కొనేసింది. కాబట్టి పక్కపక్కన పోటీ పడుతున్నట్టు వేలాడే ఆ రెండు ప్యాకెట్లూ ఇప్పుడు ఒకే ఇంటివి.

రెండోది ప్రింగిల్స్ లాంటి డబ్బా చిప్స్. ఎండబెట్టిన ఉర్లగడ్డ పొడిలో ఇంకొన్ని పిండ్లు కలిపి, ముద్ద చేసి, పల్చగా ఒత్తి, అచ్చులో వేయిస్తారు. అందుకే ప్రతి ముక్కకూ ఒకే వంపు ఉంటుంది. ఏ గడ్డా పుట్టుకతో అంత క్రమశిక్షణగా ఉండదు.

మూడోది 1999లో వచ్చిన కుర్‌కురే జాతి. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, శనగపిండి కలిపి, జంతికల గొట్టంలో పిండి వత్తినట్టు యంత్రంలోంచి వేడితో నెట్టి పొంగించినవి. 2007లో ఐటీసీ బింగో వచ్చాక అందులోని టేఢే మేఢే కూడా ఈ వరసలోనే చేరింది. నాలుగోది, వేయించకుండా కాల్చామని చెప్పే బేక్డ్ రకాలు.

పరీక్ష న్యాయంగా ఉండాలంటే ఒకే జాతిలో, ఒకే ఫ్లేవర్‌లో పోల్చాలి. వట్టి ఉప్పు చిప్స్‌ను వట్టి ఉప్పు చిప్స్‌తోనే. టమాట మసాలాను, క్రీమ్ అండ్ ఆనియన్‌ను పక్కపక్కన పెడితే మీరు పోలుస్తున్నది పైన చల్లిన పొడిని, చిప్స్‌ను కాదు. నేనైతే వట్టి ఉప్పు రకంతోనే మొదలుపెట్టమంటాను. ఉర్లగడ్డ, నూనె, ఉప్పు, అంతే. దాక్కోవడానికి మసాలా ఉండదు కాబట్టి గడ్డ మంచిదా, నూనె తాజాదా అన్నది అందులో బయటపడినంతగా ఇంకెందులోనూ పడదు.

రెండో మెట్టు: కొనేటప్పుడు

అన్ని ప్యాకెట్లూ ఒకే రోజు, వీలైతే ఒకే అంగట్లో కొనండి. తయారీ తేదీలు చూసి, నెలకు మించి తేడా లేకుండా ఏరుకోండి. మూడు నెలల కిందటి ప్యాకెట్‌ను నిన్నమొన్న దిగినదానితో పోలిస్తే ఓడిపోయేది కంపెనీ కాదు, ఆ మూడు నెలలు.

అంగడి బయట ఎండకు వేలాడే దండలోంచి మాత్రం తీసుకోవద్దు. మన ఊళ్ళో మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి, వెలుతురుకి నూనె తొందరగా పాడవుతుంది. "అన్నా, లోపల పెట్టెలోది ఇయ్యి" అని అడిగితే ఎవరూ కాదనరు. నేను ఒకసారి మొహమాటపడి బయటిదే తీసుకున్నాను. విప్పగానే పాత నూనె వాసన గుప్పుమంది. తేదీ చూస్తే ఇంకా గడువు ఉంది. గడువు లోపల ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదని ఆ రోజు తెలిసింది.

ప్యాకెట్ ఉబ్బెత్తుగా ఉందో లేదో చూడండి. లోపల నింపేది మామూలు గాలి కాదు, నైట్రోజన్. ఆక్సిజన్ తగిలితే నూనె ముక్కిపోతుంది కాబట్టి దాన్ని తోసేసి నైట్రోజన్ పెడతారు. ముక్కలు నలగకుండా దిండులా పనిచేయడం దానివల్ల వచ్చే రెండో లాభం. మెత్తగా వాలిపోయిన ప్యాకెట్ అంటే ఎక్కడో అతుకు విడిందని అర్థం.

దీనికి మన దగ్గర ఒక సరదా పరీక్ష ఉంది. కిందినుంచి కొండకు వెళ్ళేటప్పుడు బ్యాగులో ప్యాకెట్ ఉంటే ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కుతున్నకొద్దీ గమనించండి. తిరుమల దాదాపు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, ప్యాకెట్ ఇంకా ఉబ్బి డప్పులా బిగుసుకుంటుంది. పైకి చేరాక కూడా వదులుగానే ఉందంటే దానికి చిల్లి ఉన్నట్టే.

ఇక ధర. పది రూపాయల ప్యాకెట్ ఎప్పుడూ పది రూపాయలే. మారేది లోపలి గ్రాములు. కాబట్టి ముందు నికర బరువు చూడండి. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద గరిష్ఠ ధర పక్కనే గ్రాముకు ఎన్ని పైసలో కూడా అచ్చు వేస్తున్నారు. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. పెద్ద ప్యాకెట్ చవక అని ముందే అనుకోకుండా ఆ పైసలను పక్కపక్కన రాసి చూడండి.

మూడో మెట్టు: పేర్లు దాచడం

ఇందులో సగం పరీక్ష అయిపోతుంది, అందుకే తొందరపడొద్దు. తినే గుంపులో లేని మనిషి ఒకరు కావాలి. మాకు పక్కింటి అక్క దొరికింది. ప్యాకెట్లు విప్పడం, గిన్నెల్లో పోయడం, ఏ నంబరు ఏ కంపెనీదో చీటీ రాసి దాచడం, అంతా ఆమె పని. వంటింట్లో తలుపు దగ్గరగా వేసి చేయాలి. కవర్ చప్పుడు వింటే చాలు మా అబ్బోడు పేరు చెప్పేస్తాడు.

గిన్నెలకు ఒకటి, రెండు, మూడు అనో ఏ, బీ, సీ అనో పేర్లు పెట్టొద్దు. ఒకటో నంబరు అనగానే మనసు దానికి ఫస్ట్ ర్యాంక్ ఇచ్చేస్తుంది. 417, 862, 305 లాంటి అర్థం లేని మూడంకెల నంబర్లు రాయండి. రుచి పరీక్షలే వృత్తిగా చేసేవాళ్ళు కూడా ఇలాగే చేస్తారు. ఒకసారి కూర్చున్నప్పుడు ఐదు గిన్నెలు మించొద్దు, ఆపైన నాలుక మొద్దుబారుతుంది. గిన్నెకు ముప్పై గ్రాములు తూచి పోస్తే రుచికీ తర్వాతి లెక్కకూ అదే కొలత పనికొస్తుంది. నలుగురికంటే ఎక్కువ మంది ఉంటే రెండేసి గిన్నెలు పెట్టుకోండి. ముప్పై గ్రాములంటే ఎన్ని ముక్కలో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మేమంతా అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది. మా ఆయన "ఇంతేనా" అన్నాడు.

ఒక చిన్న మోసం కూడా చేయించండి. ఐదు గిన్నెల్లో రెండింట్లో ఒకే కంపెనీ చిప్స్‌ను వేర్వేరు నంబర్లతో పోయమనండి, ఏవో మీకూ తెలియకూడదు. చివర్లో చీటీ విప్పాక ఆ రెండింటికీ మీరు దగ్గర దగ్గర మార్కులు వేసి ఉంటే మీ నాలుకను నమ్మొచ్చు. నేను ఒకదానికి 4, ఇంకోదానికి 2 వేశాను. ఆ రోజు నా కాగితాన్ని నేనే చించేశాను.

నాలుగో మెట్టు: చూడు, వాసన పట్టు, విను, ఆ తర్వాతే తిను

సమయం పొద్దున పదకొండుకు దగ్గరగా పెట్టుకోండి. కాఫీ తాగి గంటైనా కావాలి. టిఫిన్‌లో ఊరగాయ తిని ఉంటే ఆ రోజుకు మానేయండి, దాని ముందు ఏ చిప్స్ ఉప్పూ నిలబడదు. గిన్నెకూ గిన్నెకూ మధ్య రెండు గుక్కలు గోరువెచ్చని నీళ్ళు, నాలుగు వట్టి బొరుగులు. కారం బొరుగులు కాదు. ఉప్పు లేని బొరుగులు నోట్లో మిగిలిన నూనె జిడ్డును తుడిచేస్తాయి.

వానాకాలంలో ఇంకో జాగ్రత్త. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో గిన్నెలో పోసిన చిప్స్ చూస్తుండగానే మెత్తబడతాయి. వేయించిన చిప్స్‌లో తేమ రెండు శాతం దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి గాలిలో చెమ్మ కనిపిస్తే చాలు పీల్చేస్తాయి. అలాంటప్పుడు ఒక్కో ప్యాకెట్‌ను అప్పటికప్పుడే విప్పించండి.

ఇప్పుడు ఒక ముక్కను చేతిలోకి తీసుకోండి. కిటికీ వైపు ఎత్తి చూడండి. లేత పసుపు రంగు, అంచు దగ్గర కొంచెం ముదురు, మధ్యలో చిన్న చిన్న బుడగలు. ఇది మంచి ముక్క. మధ్యలో గోధుమ రంగు మచ్చలుంటే ఆ గడ్డలో చక్కెర ఎక్కువ ఉందన్నమాట. ఉత్తరాదిన గడ్డ పంట ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది, మిగతా నెలలకు కోల్డ్ స్టోరేజీలే దిక్కు. మరీ చల్లగా నిలవ ఉంచితే గడ్డలోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర నూనెలో మాడుతుంది. అందుకే చిప్స్ కోసమని ప్రత్యేకంగా చక్కెర, నీరు రెండూ తక్కువ ఉండే గడ్డలు వాడతారు. సిమ్లాలోని బంగాళాదుంప పరిశోధన సంస్థ తెచ్చిన కుఫ్రీ చిప్సోనా రకాలు అలాంటివే. మన కూరల గడ్డతో ఇంట్లో చిప్స్ వేయిస్తే ఎర్రబడిపోయేది మన చేతి తప్పు కాదు.

ఆ ముదురు గోధుమ ముక్కల గురించి ఇంకో మాట. 120 డిగ్రీలు దాటిన వేడిలో గడ్డలోని చక్కెర, ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం కలిసి అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది. ఇది క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానం. ఆహారంలో ఇది ఉంటుందని 2002లో స్వీడన్‌లో బయటపెట్టారు. ఎంత మాడితే అంత ఎక్కువ. దీనికి టెన్షన్ పడాల్సిన పని లేదు, బాగా మాడిన ముక్కలను పక్కన పడేస్తే చాలు.

తర్వాత వాసన. ముక్కను రెండుగా విరిచి విరిచిన అంచును ముక్కు దగ్గర పెట్టుకోండి. ఉడికిన గడ్డ వాసన రావాలి. పాత కొబ్బరి చిప్ప వాసనో, గోడకు వేసిన పెయింట్ వాసనో తగిలితే నూనె ముక్కిందన్నమాట.

ఇక చప్పుడు. పరీక్షకు కూర్చున్నాక టీవీ కట్టేయమనడం ఊరికే కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో జంపీనీ, స్పెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రింగిల్స్ తినేవాళ్ళకు హెడ్‌ఫోన్లు పెట్టి, వాళ్ళ కొరుకుడు శబ్దాన్నే పెంచి, తగ్గించి వినిపించారు. శబ్దం పెంచితే అదే చిప్ ఎక్కువ కరకరగా, తాజాగా ఉందన్నారు. 2004లో అచ్చైన ఈ పనికి 2008లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది) బహుమతి వచ్చింది. నవ్వొస్తుంది గానీ, కరకర అనేది సగం చెవితో తినేదని మా ఇంట్లోనూ తేలింది. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతున్నప్పుడు మా అత్త అన్నిటికీ తక్కువ మార్కులు వేసింది.

చివరికి నోరు. మొదటి ముక్కను నమలకుండా నాలుక మీద ఐదు క్షణాలు ఉంచండి. ఉప్పు ఎంత తొందరగా తగిలింది, ఎంతసేపు నిలిచిందో చూడండి. రెండో ముక్కను నమిలి మింగి ఇరవై దాకా లెక్కపెట్టండి. గొంతులో గడ్డ రుచి మిగిలిందా, నూనె పూత మిగిలిందా? నాకు రుచిలో అసలు తేడా ఇక్కడే దొరికింది. మొదటి కొరుకుడుకు అన్నీ బాగుంటాయి, వాటిని తయారుచేసేదే అందుకు. ఇరవై అంకెల తర్వాత కూడా బాగున్నవి ఐదింట్లో రెండే.

రంగు, వాసన, కరకర, ఉప్పు, చివరి రుచి, వీటికి ఐదేసి మార్కులు వేయండి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు, "ఛీ" "అబ్బ" అనకూడదు. వేళ్ళకు అంటిన నూనె చూసి కొవ్వును అంచనా వేయొద్దు. టిష్యూ మీద పడే మరక పైపై నూనెదే, లోపల పీల్చుకున్నది అందులో రాదు.

కళ్ళు మూసుకుని కూడా నా కంపెనీని పట్టేస్తాననే వాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళకు మూడు గిన్నెల పరీక్ష పెట్టండి. రెండింట్లో ఒకటే రకం, మూడోది వేరే. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి కుదురుతుంది కాబట్టి ఒక్కసారి చెప్పినంత మాత్రాన ఒప్పుకోవద్దు. గిన్నెలు మార్చి మార్చి ఆరుసార్లు పెట్టండి, కనీసం ఐదుసార్లు కరెక్టుగా చెబితే నిజంగా తెలిసినట్టు. మా అబ్బోడు మూడు చెప్పాడు. పేరు మాత్రం ఇక్కడ రాయను, రాస్తే మీ నాలుక చూడకుండానే తీర్పు చెప్పేస్తుంది.

ఐదో మెట్టు: పెరుగన్నం పరీక్ష

ఎక్కడి రుచి పరీక్షలోనైనా చిప్స్‌ను ఒంటరిగా తింటారు. మనం తినేది అలా కాదు గదా. మన ఇళ్ళల్లో సగం ప్యాకెట్లు పప్పన్నంలోకో, సాంబారన్నంలోకో, పెరుగన్నంలోకో నంజుకోవడానికే విప్పుతాం. కాబట్టి ఈ మెట్టు లేకుండా తీర్పు ఇవ్వొద్దు.

పెరుగన్నంలో ఉప్పు వేయకుండా కలపండి. అవే గిన్నెలు, అవే నంబర్లు. ఒక ముద్ద, ఒక ముక్క. ముక్కను ముద్ద మీద పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి నోట్లో పెట్టుకోండి. ఎంత పల్చటి చిప్ అయితే అంత తొందరగా మూడు లెక్కపెట్టే లోపల అప్పడం తడిసినట్టు అయిపోతుంది. గాడులు ఉన్న మందపాటిది ఇంకా నిలబడుతుంది. ఒంటరిగా తిన్నప్పుడు మాలో ముగ్గురు "ఉప్పు ఎక్కువ" అని రాసిన 862, పెరుగన్నంతో అందరికంటే ముందుకొచ్చింది. ఒంటరిగా ఫస్ట్ వచ్చిన 305 పెరుగులో ఉందో లేదో కూడా తెలియలేదు. మసాలా రకాల్లో పుల్లగా ఉండేవి పెరుగుతో తగాదా పెట్టుకుంటాయి, పప్పన్నంతో మాత్రం సర్దుకుపోతాయి.

అంటే మా ఆయనా, మా అబ్బోడూ ఇన్నాళ్ళూ పోట్లాడింది ఒకే ప్యాకెట్ గురించి కాదు. ఈయన సాయంత్రం టీతో తింటాడు, వాడు అన్నంలో తింటాడు.

ఆరో మెట్టు: ఇప్పుడు లేబుల్ తిప్పండి

ప్యాకెట్ వెనక పోషకాల పట్టిక ఉంటుంది. అందులో 100 గ్రాములకు అనే వరసనే చూడండి. ఒక సర్వింగ్‌కు అనే వరసను నమ్ముకుంటే పోలిక చెడిపోతుంది, ఎందుకంటే ఒకరు సర్వింగ్ అంటే 20 గ్రాములంటారు, ఇంకొకరు 30 అంటారు. రోజు అవసరంలో ఎంత శాతం అని రాసే అంకె కూడా ఆ సర్వింగ్‌కే. మన దేశంలో ఆ శాతాలకు ఆధారం రోజుకు 2,000 కిలోక్యాలరీలు, 67 గ్రాముల మొత్తం కొవ్వు, 22 గ్రాముల శాచురేటెడ్ కొవ్వు (ఎక్కువైతే గుండెకు మంచిది కాని రకం), 2,000 మిల్లీగ్రాముల సోడియం. ఈ అంకెలు నోటుబుక్కు అట్ట మీద రాసి పెట్టుకోండి.

లెక్క ఎలా చేయాలో ఊహగా ఒక లేబుల్ తీసుకుందాం. 100 గ్రాములకు 545 కిలోక్యాలరీలు, కొవ్వు 33 గ్రాములు, అందులో శాచురేటెడ్ 14, సోడియం 720 మిల్లీగ్రాములు. మన ముప్పై గ్రాముల గిన్నెకు అన్నిటినీ 0.3తో గుణించాలి. సుమారు 164 కిలోక్యాలరీలు, 9.9 గ్రాముల కొవ్వు, 4.2 గ్రాముల శాచురేటెడ్, 216 మిల్లీగ్రాముల సోడియం. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, అంటే అర గ్రాము పైచిలుకు. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పులో ఇది పదకొండో వంతు కాదు, పదకొండు శాతం. మొదటిసారి నేను ఇక్కడే తికమకపడ్డాను. అదే 90 గ్రాముల ప్యాకెట్ సినిమా చూస్తూ ఒక్కరే ఖాళీ చేస్తే సోడియం 648 మిల్లీగ్రాములు, రోజు మొత్తంలో మూడో వంతుకు దగ్గర. శాచురేటెడ్ కొవ్వు 12.6 గ్రాములు, రోజు మొత్తంలో సగం దాటిపోయింది.

వేయించిన చిప్స్ లేబుళ్ళు నాలుగైదు పక్కపక్కన పెడితే మీకు ఒకటి తెలుస్తుంది. క్యాలరీలు, మొత్తం కొవ్వు దాదాపు ఒకేచోట తిరుగుతుంటాయి. కొవ్వు 30 నుంచి 36 గ్రాములు, క్యాలరీలు 520 నుంచి 560. ఉర్లగడ్డదైనా, బియ్యప్పిండి పొంగుదైనా పెద్ద తేడా ఉండదు. ఇంతవరకు మా అత్త చెప్పిందే కరెక్టు. తేడా దొరికేది రెండుచోట్ల, సోడియం దగ్గర, శాచురేటెడ్ కొవ్వు దగ్గర.

శాచురేటెడ్ కొవ్వుతో ఒక చిట్కా ఉంది. దాన్ని మొత్తం కొవ్వుతో భాగించండి. 0.4, ఆ పైన వస్తే వాడింది చాలావరకు పామోలిన్. 0.1 దగ్గర్లో వస్తే పొద్దుతిరుగుడు లాంటి నూనె. మధ్యలో వస్తే కలగలుపు నూనెనో, తవుడు నూనెనో. మన ఊహా లేబుల్‌లో 14ను 33తో భాగిస్తే 0.42, పామోలినే. తర్వాత పదార్థాల జాబితాలో నూనె పేరు చూసి సరిచూసుకోండి. ఆ జాబితాలో ఎక్కువ బరువు ఉన్నది ముందు వస్తుంది. గుండెకు ఇంకా చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ గురించి మునుపటంత దిగులు అక్కర్లేదు. 2022 జనవరి నుంచి నూనెల కొవ్వుల్లో అది రెండు శాతం దాటకూడదని నిబంధన ఉంది.

ముందు పక్క రాసే మాటలకు లొంగొద్దు. 100 గ్రాములకు కొవ్వు 3 గ్రాములు దాటని ఘనపదార్థాన్నే 'తక్కువ కొవ్వు' అనాలని మన నియమం. ఏ వేయించిన చిప్సూ ఆ దరిదాపుల్లోకి రాదు. అందుకే 'ఇంత శాతం తక్కువ' అని రాస్తారు. దేనికంటే తక్కువో పక్కన చిన్న అక్షరాల్లో వెతకండి. 'కొలెస్ట్రాల్ లేదు' అనేది నిజమే, మొక్కల నూనెల్లో అది మొదట్నుంచీ ఉండదు. బేక్డ్ రకాల్లో కొవ్వు బాగా తగ్గుతుంది గానీ, సోడియం, చక్కెర వరసలు కూడా చూశాకే మెచ్చుకోండి.

మసాలా రకాల జాబితా పొడుగ్గా ఉంటుంది. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థంతో చేసే పొడి), పులుపుకు ఐఎన్ఎస్ 330, నాలుకను లాగడానికి 627, 631. ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు. 627, 631 జంటగా వస్తాయి, ఒక్క ముక్కతో ఆపలేకపోవడంలో వీటి చెయ్యి కూడా ఉంది. 631 అంటే పంది కొవ్వు అని ఫోన్లలో తిరిగే మెసేజ్‌ను నమ్మకండి. అది కొవ్వే కాదు. జంతువుల నుంచీ తీయొచ్చు, పిండి పదార్థాన్ని పులియబెట్టీ తీయొచ్చు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క వేయాలంటే పాలు, పాల పదార్థాలు, తేనె లాంటివి తప్ప జంతువుల నుంచి వచ్చింది ఏదీ ఉండకూడదు. పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలకు ఎర్రగడ్డ, వెల్లుల్లి మానేసే ఇళ్ళవాళ్ళు మాత్రం పచ్చ చుక్కతో ఆగకుండా జాబితా చదవండి. మసాలా చిప్స్‌లో చాలావాటికి ఆనియన్ పౌడర్, గార్లిక్ పౌడర్ ఉంటాయి. మా అత్త రెండేళ్ళు ఆ సంగతి తెలియకుండా తినింది. ఇప్పుడు ఆ నెలలో మాకు వట్టి ఉప్పు చిప్సే.

ఏడో మెట్టు: తూకం చిప్స్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలి

మన కళ్ళ ముందే బాణలిలో వేయించి తూచి ఇచ్చే హాట్ చిప్స్ అంగళ్ళు తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలా ఉన్నాయి. వాటిని ఒక గిన్నెలో కలపకపోతే పోలిక సగమే. మా పరీక్షలో 417 అదే, చివరి రుచిలో మొదటి స్థానం దానిదే. నూనె వేడి తగ్గకముందే తింటే ప్యాకెట్ ఎలా గెలుస్తుంది?

కానీ వాటికి లేబుల్ లేదు, ఆరో మెట్టు అక్కడ నడవదు. అడగాల్సినవి రెండు. "ఏం నూనె అన్నా?" అనేది మొదటిది. అరటికాయ చిప్స్‌ను కొన్నిచోట్ల కొబ్బరి నూనెలో వేయిస్తారు. రుచి అమోఘం, అయితే ఆ నూనెలో దాదాపు తొంభై శాతం శాచురేటెడ్ కొవ్వే. రెండోది అడగక్కర్లేదు, బాణలిలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. నూనె నల్లగా, చిక్కగా, నురగ కక్కుతూ ఉంటే వెనక్కి వచ్చేయండి. పదేపదే కాచిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె పాడయ్యేకొద్దీ పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 నుంచి నిబంధన. ఆ కొలత మనం తీయలేం, నురగ మాత్రం చూడగలం. న్యూస్‌పేపర్‌లో పొట్లం కడితే వద్దని ఇంటినుంచి డబ్బా పట్టుకెళ్ళండి, సిరా నూనెకు అంటుకుంటుంది.

ఎనిమిదో మెట్టు: మార్కులు కలపడం

నేను మొదట రుచి మార్కులూ పోషక మార్కులూ కూడి ఒక్క అంకె తీద్దామనుకున్నాను. అది తప్పు. ఉప్పు తగ్గితే పోషకంలో మార్కు పెరుగుతుంది, రుచిలో తగ్గుతుంది, చివరికి అన్నీ మధ్యలో వచ్చి కూర్చుంటాయి. రెండు వరసలుగానే ఉంచి, ఎవరికి ఏది అన్నది విడిగా చూసుకోవడం మేలు. మా ఇంట్లో ఇలా తేలింది. బీపీ ఉన్న మనిషికి ముందు సోడియం వరస, ఆ తర్వాతే రుచి. సోడియం అన్నిటికంటే తక్కువున్నది మా అత్తకు, అదీ గిన్నెలో తూచి పదిహేను గ్రాములు. అబ్బోడికి అన్నంలోకి 862, అయితే ఆ పూట అన్నంలో ఉప్పు ఉండదు. మా ఆయనకు టీతో 305.

కంపెనీ మార్చడంకంటే గిన్నె మార్చడంతోనే ఎక్కువ తేడా వచ్చిందని నా లెక్క చెబుతోంది. 100 గ్రాములకు 720 మిల్లీగ్రాముల ప్యాకెట్‌కు బదులు 600 మిల్లీగ్రాములది తెచ్చి, అందులో 90 గ్రాములు తింటే 540. మొదటిదే 30 గ్రాములు తింటే 216. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువుండే ఇలాంటివి తగ్గించమనే ఉంది.

విప్పిన ప్యాకెట్‌ను మడిచి రబ్బరు బ్యాండ్ వేస్తే రెండో రోజుకే మెత్తబడుతుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, పైన ఖాళీ తక్కువ ఉండేలా చూడండి. అడుగున మిగిలే పొడిని పారేయొద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. దాన్ని పెరుగన్నంలో కలిపితే వేరే ఉప్పు అక్కర్లేదు.

లేబుళ్ళ ఫొటోలు తేదీ వేసి దాచుకోండి, కంపెనీలు నూనెనూ ఉప్పునూ బరువునూ చెప్పకుండానే మారుస్తుంటాయి. మేము మళ్ళీ దసరా సెలవుల్లో కూర్చుంటాం. ఈసారి గిన్నెల్లో పోసేది తనేనని మా అబ్బోడు ఇప్పటికే చెప్పేశాడు. పక్కింటి అక్క 417 అంగడివాళ్ళకు చుట్టమని వాడి అనుమానం.